చెవి లేని టేపు

మా వీధిలో ఆవిణ్ణి పొగక్క అనేవారు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేరు విని, చుట్ట కాల్చే మనిషేమో అనుకునేవారు. అదేమీ కాదు. ఇళ్లలో పైకప్పు కింద, అటక మీదుగా, గదిగదికీ చల్లగాలినో వెచ్చగాలినో మోసుకుపోయే రేకు గొట్టాలుంటాయి. వాటిని డక్టులంటారు. ఆ డక్టుల్లోంచి దారిలో ఎంత గాలి కారిపోతోందో కొలవడం ఆవిడ పని. కారే చోటు పట్టుకోవడానికి ఆవిడ దగ్గర ఒక రబ్బరు బుడ్డి ఉండేది. నొక్కితే సన్నగా తెల్లటి పొగ వస్తుంది. పొగ తిన్నగా పైకి లేస్తే ఫరవాలేదు. ఉలిక్కిపడినట్టు పక్కకు తిరిగిందంటే అక్కడ చిల్లున్నట్టే.

ఒక ఇంట్లో ముసలాయన మంచం మీంచి లేవకుండానే అడిగాడట: "ఏమ్మా, మా కోడలు పంపిందా, పొమ్మనలేక పొగబెడుతున్నావు?"

"లేదు బాబాయ్‌గారూ, పొగబెట్టేదీ నేనే, పోయేదీ నేనే," అందట ఆవిడ.

ఆ మాట వీధంతా తిరిగింది. పేరు స్థిరపడిపోయింది.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేది. అటకల్లో పాకి పాకి మోకాళ్ల దగ్గర ప్యాంటు తెల్లబడిపోయి ఉండేది. ఒక భుజాన పనిసంచి, ఇంకో భుజాన మడత నిచ్చెన. నడిచొస్తుంటే నిచ్చెన టకటకమని చప్పుడు చేసేది. ఆ చప్పుడు వినే మేము వేళ చూసుకునేవాళ్లం.

ఈ పని ఆవిడ కోరుకుని నేర్చుకున్నది కాదు. పెళ్లి నిలవక, ఒక పెట్టెతో తమ్ముడి ఇంటికొచ్చింది. "నాలుగు రోజులుండి వెళ్తానురా," అంది గుమ్మంలో నిలబడి. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే ఆ తమ్ముణ్ణి పెంచింది ఈవిడే. కాబట్టి అతను "నువ్వు అడగాలా అక్కా?" అని పెట్టె అందుకున్నాడు. నడవా చివర ఒక చిన్న గది ఉంటే అందులో పెట్టాడు. ఆ నాలుగు రోజులూ ఏళ్లయ్యాయి. ఆ గదికి ఆవిడ కర్టెన్లు కుట్టుకుంది, గోడకు చెక్క అలమర కొట్టించుకుంది. ఎవరైనా "ఎక్కడుంటారు?" అని అడిగితే "తమ్ముడింట్లో" అనేది కాదు. "మా ఇంట్లో" అనేది. లోకంలో ఆవిడకంటూ ఉన్నది ఆ గదొక్కటే. అది తనదన్న ధైర్యంతోనే తక్కినవన్నీ నెట్టుకొచ్చింది.

తమ్ముడు డక్టులు బిగించే పనిలో ఉన్నాడు. బిగించాక కొలిచి చూపించే మనిషి కావాలి. "మగాళ్లని పడగ్గదుల్లోకి రానివ్వట్లేదక్కా. నువ్వైతే ఎవరూ కాదనరు," అని ఆవిణ్ణి ఆ పనికి పెట్టాడు. అలా ఆవిడ ఊళ్లోవాళ్ల పడగ్గదులన్నీ తిరిగింది. తమ్ముడు చేసినవే కాదు, వేరేవాళ్లు చేసినవీ కొలిచేది.

ఆ కొలత పెద్ద రహస్యమేమీ కాదు. సైకిలు ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు చూసినట్టే. ప్రతి గదిలోనూ గాలి బయటికొచ్చే జాలీ ఉంటుంది, గ్రిల్లు అంటారు. ఆ గ్రిల్లులన్నిటికీ పల్చటి ప్లాస్టిక్ పొర పరిచి చుట్టూ టేపు వేస్తారు. హాల్లో ఉన్న పెద్ద గ్రిల్లుకు మాత్రం ఒక ఫ్యాను బిగించి గొట్టాల్లోకి గాలి ఊదుతారు, మీటరు మీద ఒత్తిడి ఇరవై అయిదు చూపించేదాకా. మూతులన్నీ మూసి ఉన్నాయి కాబట్టి ఊదిన గాలి ఎక్కడికీ పోకూడదు. అయినా ఊదుతూనే ఉండాల్సి వస్తోందంటే, ఊదినంతా ఎక్కడో కారుతున్నట్టు. ఆ ఒత్తిడి నిలబెట్టడానికి ఎంత గాలి ఊదాల్సి వస్తోందో మీటరు మీదే ఇంకో అంకె చూపిస్తుంది. ఆ అంకె ఎంత చిన్నదైతే ఇల్లు అంత గట్టిది.

అయితే ఈ అంకెను మోసం చేసే దారి కూడా ఒకటుంది. ఒక గదికి వెళ్లే గొట్టాన్ని మొదట్లోనే రేకుమూతతో మూసేస్తే, ఆ గొట్టం లెక్కలోకే రాదు. కారడానికి గొట్టమే లేనప్పుడు అంకె ముచ్చటగా వస్తుంది. ఆ గదికి మాత్రం గాలి చచ్చినా రాదు. అందుకని పొగక్క కొలత అయ్యాక ఫ్యాను ఆపేది కాదు. గదిగదికీ వెళ్లి ప్లాస్టిక్ పొరను ఒక మూల లాగేది. 'తొక్క తీయడం' అనేది దాన్ని. తొక్క తీయగానే గాలి మొహాన కొట్టాలి, హాల్లో మీటరు మీద ఒత్తిడి ధబీమని పడిపోవాలి, ఫ్యాను గొంతు మారాలి. మళ్లీ అంటించి పక్క గదికి వెళ్లాలి. ఎక్కడ తొక్క తీసినా మీటరు కదల్లేదో, అక్కడ మూత ఉన్నట్టే. అలా ఎంతమంది దొంగపనులు పట్టిందో.

ఇళ్లు చూసి చూసి ఆవిడకో సిద్ధాంతం కూడా ఏర్పడింది. టీ తాగుతూ తమ్ముడి భార్యకు చెప్పేది: "గాలి ఎటు పోతే పెత్తనం అటే అమ్మాయ్. ఏ గది చల్లగా ఉందో చూస్తే చాలు, ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో చెప్పేస్తా. అత్తగారి గది చూడు, ఎప్పుడూ చివరి గొట్టం మీదే ఉంటుంది."

మరదలు పడీ పడీ నవ్వేది. "మీరు మహా గడుసువాళ్లు వదినా!"

మరో సంగతి చెప్పాలి. టేపుకు చెవి పెట్టడం. తమ్ముడికి చిన్నప్పుడు గోళ్లు కొరికే అలవాటు. పుస్తకాలకు అట్టలు వేసుకుంటూ టేపు కొస దొరక్క ఏడ్చేవాడు, గోరుంటే కదా దొరకడానికి. అక్క టేపు తెంపినప్పుడల్లా కొసను కాస్త లోపలికి మడిచి ఇచ్చేది. "ఇదిగో, చెవి పెట్టాను. పట్టుకుని లాగు." పెద్దయ్యాక గోళ్లు కొరకడం మానలేదు గానీ ఆ చెవిని మాత్రం వృత్తిలోకి తెచ్చుకున్నాడు. తర్వాత తీసెయ్యాల్సిన టేపుకు చెవి ఉండాలి. ఉండిపోవాల్సిన టేపుకు చెవి ఉండదు, కొస నున్నగా రుద్ది పైన బూడిదరంగు పూత పూస్తారు. అతని దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరూ ఇదే పద్ధతి. "చెవి పెట్టని వెధవ ఎవడ్రా?" అని అతను అటక మీంచి అరిస్తే కింద ఉన్నవాళ్లు హడలిపోయేవారు.

తమ్ముడికి పని బాగా పెరిగాక తన ఇంటి డక్టులు తనే విప్పి కొత్తవి వేసుకున్నాడు. ఆ పని జరుగుతున్న వారం పొగక్క ఎక్కడో కొత్త ఇళ్లు కొలవడానికి పొద్దున్నే పోయి సాయంత్రం వచ్చేది. అంతా అయ్యాక ఇంట్లో ఫ్యాను బిగించింది. మీటరు చూసి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. అంత చిన్న అంకె ఆవిడ ఏ ఇంట్లోనూ చూడలేదు.

"ఒరేయ్, నీ చేతికి కంకణం తొడగాలిరా!"

"నువ్వు నేర్పిన చెయ్యే కదక్కా," అన్నాడు తమ్ముడు, వేలు నోట్లో పెట్టుకుని.

తొక్కలు ఒక్కొక్కటీ తీసి చూడబోతే అతనే అన్నాడు: "మన ఇంట్లో కూడా తనిఖీలేంటక్కా? తీసి పారేద్దాం పద." ఫ్యాను ఆపేశాడు. ఆవిడకీ అది సబబుగానే తోచింది. మన ఇంట్లో మనకు పరీక్షేమిటి? ఆ తర్వాత పనికి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ గొప్పగా చెప్పుకుంది. "మా ఇల్లు చూడాలి మీరు. పొగ పెడితే కదలదు."

వేసవి వచ్చింది. నడవా చివరి గది ఉడకడం మొదలైంది.

"గాలి ఆడట్లేదురా నా గదిలో," అంది ఒకరోజు భోజనాల దగ్గర.

"చివరి గది కదక్కా. అంత దూరం వచ్చేసరికి గాలి నీరసపడుతుంది."

"నీరసపడటానికి అది గాలా, ముసలమ్మా?"

అందరూ నవ్వారు. మరదలు నీళ్ల గ్లాసు ఆవిడ ముందుకు జరిపి, మెత్తగా అంది: "ఏమనుకోకండి వదినా. ఈ వయసులో అలాగే ఉంటుంది. మా పెద్దమ్మ చలికాలంలో కూడా కిటికీలు బార్లా తెరుచుకుని కూర్చునేది. ఒళ్లంతా ఆవిర్లే. ఒకసారి డాక్టరుకు చూపించుకోండి."

తమ్ముడి ముందు ఆ మాట వచ్చినందుకు పొగక్క చెవులు ఎర్రబడ్డాయి. కాలేజీ పరీక్షలకు చదువుకుంటున్న మేనకోడలు కంచంలోంచి తలెత్తకుండా అంది: "అత్తా, నా టేబుల్ ఫ్యాను తీసుకో. నాకు అక్కర్లేదు."

ఆ పిల్లంటే ఆవిడకు ప్రాణం. జడ వేసి బడికి పంపిన పిల్ల. "చూశావా, నా బాధ నీకొక్కదానికే తెలుసు," అని ఫ్యాను తెచ్చుకుంది.

డాక్టరమ్మ వివరాలడిగి, ముట్టు ఆగిపోయే వయసేనని చెప్పి మాత్రలు రాసిచ్చింది. వేసవంతా ఆవిడ ఆ మాత్రలు మింగింది. మింగితే కడుపులో తిప్పేది. అటకల మీద పాకుతున్నప్పుడు కళ్లు తిరిగేవి. ఇంటికొచ్చి ఉడికే గదిలో పడుకుని, ఇది తన ఒంట్లోంచి వస్తున్న వేడేనని నమ్మడానికి ప్రయత్నించేది. చలికాలం వచ్చేసరికి గది మంచుగడ్డ అయింది. రెండు స్వెట్టర్లు వేసుకుని, కాళ్లకు మేజోళ్లు తొడుక్కుని పడుకునేది. మరదలు అది చూసి సంతోషించింది.

"మందు గుణం కనిపిస్తోంది వదినా. ఆవిర్లు తగ్గినట్టున్నాయే!"

ఇక్కడ ఎవరికైనా ఒక సందేహం వస్తుంది. ఊరందరి ఇళ్లలో పొగ పెట్టే మనిషి, తన నెత్తిమీది గ్రిల్లు దగ్గర ఒక్కసారి బుడ్డి నొక్కి చూసుకోలేదా? సంచి కుర్చీ మీదే ఉండేది. చెయ్యి చాపితే అందేది. మా అమ్మ తర్వాత ఒకసారి అడిగింది కూడా. పొగక్క, "తెలిశాక ఏం చెయ్యాలో తెలిసుంటే పెట్టేదాన్నండీ," అంది.

చలికాలం ఇంకా పూర్తిగా పోకముందే ఒక బిల్డరు తమ్ముణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. కొత్తగా కడుతున్న ఒక వరస ఇళ్ల డక్టు పనంతా ఒక్కరికే ఇస్తాడట. ఇంతకుముందు ఎవరి చేతిలోనో దెబ్బతిన్న మనిషి. "అంకెలు నాకు చెప్పకండి. పెట్టి చూపించండి," అన్నాడు.

"మా ఇల్లే చూడండి సార్. ఇంతకంటే గట్టి ఇల్లు ఈ చుట్టుపక్కల లేదు. మా అక్కే కొలిచింది," అన్నాడు తమ్ముడు. అతని గొంతులో ఆ గర్వం నిజమైనదే.

ఆ ఆదివారం బిల్డరు హాల్లో కుర్చీ వేసుకుని మీటరు పక్కనే కూర్చున్నాడు. మరదలు టీ తెచ్చింది. పొగక్క గదులన్నిటికీ పొరలు అంటించి ఫ్యాను తిప్పింది. అదే చిన్న అంకె. బిల్డరు కనుబొమలెత్తాడు.

"బాగుంది. ఇప్పుడు తొక్క తీస్తారటగా, అది చూపించండి. నన్ను ముంచినవాడు అక్కడే ముంచాడు."

తమ్ముడు కుర్చీలో కదిలాడు. "దానికేముంది సార్," అన్నాడు.

పొగక్క నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరింది. వంటింట్లో పొర లాగగానే ఫట్‌మంది.

"పడింది!" అని హాల్లోంచి బిల్డరు కేక. అంత పెద్దమనిషి, చిన్నపిల్లాడిలా సరదాపడుతున్నాడు.

మళ్లీ అంటించి తమ్ముడి పడగ్గదికి వెళ్లింది. "పడింది!" మేనకోడలి గదిలో పొర బుగ్గ పూరించినట్టు ఉబ్బి ఉంది. లాగితే గాలి జుట్టు చెదరగొట్టింది. ఆ ఒక్క గ్రిల్లు దగ్గరే రెండు గదులకు సరిపడా జోరుంది. పొగక్క చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "పడిందమ్మా, బ్రహ్మాండంగా పడింది!"

"అంతే సార్," అంటున్నాడు హాల్లో తమ్ముడు. "ఇంకోటుంది గానీ, అది స్టోరు రూములాంటిది."

"లాంటిదంటే?"

"ఏం లేదు సార్. మా అక్క సామాన్లు ఉంటాయి."

పొగక్క అప్పటికి నడవాలో ఉంది. విన్నది. వెనక్కి తిరగలేదు. నడవా చివరిదాకా నడిచి, తన గది తలుపు తెరిచి, మంచం పక్కన నిచ్చెన వేసింది.

ఎక్కకముందే ఆవిడకు తెలిసిపోయి ఉండాలి. ఇక్కడ పొర ఉబ్బలేదు. తడిగుడ్డలా గ్రిల్లుకు అంటుకుని ఉంది. ఎక్కింది. పొర మూల పట్టుకుని లాగింది. చప్పుడు లేదు. మొహాన ఏమీ తగల్లేదు. హాల్లో ఫ్యాను గొంతు మారలేదు, అదే పాట పాడుతోంది. పొరనంతా ఊడబెరికి చేతిలో పట్టుకుంది. అప్పుడు జేబులోంచి బుడ్డి తీసి, తన గదిలో తనే పొగ పెట్టింది.

పొగ నిలువుగా లేచింది. గ్రిల్లు ముందు కాసేపు నిలబడి, ఎటు పోవాలో తెలియనట్టు అక్కడే విడిపోయింది.

తలుపు దగ్గర తమ్ముడు నిలబడి ఉన్నాడు. పొగను చూశాడు. అక్క చేతిలో పొరను చూశాడు. చూపుడువేలు నోట్లోకి పోయింది.

"తీశారా అమ్మా?" బిల్డరు అరిచాడు. "ఇక్కడేం కదల్లేదే!"

ఒక్క మాట. 'తీశాను' అంటే చాలు, తమ్ముడి పని పోతుంది. ఈ వరస ఇళ్లే కాదు, ఊళ్లో అతని చేతి మీదున్న నమ్మకమంతా పోతుంది. పరాయి ఇంట్లో అయితే ఆవిడ ఆ మాట అనడానికి ఎప్పుడూ తడుముకోలేదు.

"తియ్యలేదు సార్!" అంది గట్టిగా. "ఈ గది లెక్కలోకి రాదు. ఇక్కడ ఎవరూ ఉండరు."

హాల్లో టీ కప్పు సాసరు మీద పెట్టిన చప్పుడు వినబడింది. "అలాగా, సరే అయితే," అన్నాడు బిల్డరు. పొగక్క అన్న మాట అర్థమవ్వాల్సినవాళ్లు ఇంట్లో ముగ్గురున్నారు. ముగ్గురికీ అర్థమైంది.

బిల్డరు చెయ్యి కలిపి వెళ్లిపోయాక పొగక్క అటక ఎక్కింది. వెనకే తమ్ముడు ఎక్కాడు. పెద్ద గొట్టంలోంచి చివరి గదికి చీలే చోట టార్చి వేసింది. రేకుమూత. అంచులు గీత గీసినట్టు కత్తిరించిన మూత. తమ్ముడి పనికి వంక పెట్టడానికి ఎప్పుడూ ఉండదు.

"తాత్కాలికంగా పెట్టానక్కా," అన్నాడు అతను, దూలం పట్టుకుని వంగి నిలబడి. "ఏసీ మిషను చిన్నది. పిల్ల తన గది ఉడికిపోతోందని, చదవలేకపోతున్నానని ఏడిచింది. పరీక్షలయ్యాక తీసేద్దామనుకున్నా. నువ్వు పగలంతా ఇంట్లో ఉండవు కదా అని..."

పొగక్క టార్చి దగ్గరగా పట్టింది. మూత చుట్టూ ఉన్న టేపు మీద గోటితో మెల్లగా తడుముతూ వచ్చింది. చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికి వచ్చింది. కొస నున్నగా రుద్ది ఉంది. పైన బూడిదరంగు పూత, రెండుసార్లు పూసిన పూత, ఎండి రాయిలా ఉంది.

"తాత్కాలికమైతే చెవి ఏదిరా?"

అతను దూలం మీది దుమ్ము వేలితో గీశాడు.

"చెవి ఏదని అడుగుతున్నా."

"మర్చిపోయుంటానక్కా."

"నువ్వా?" అంది. అంతే. టార్చి ఆర్పి దిగింది.

కింద మరదలు కళ్లు తుడుచుకుంటూ నిలబడి ఉంది. ఆ కన్నీళ్లు అబద్ధమని నేననను. "మేం పొమ్మన్నామా వదినా? మీరే చెప్పండి. ఇన్నేళ్లలో ఒక్కరోజు, ఒక్క మాట, పొమ్మన్నామా?"

"లేదమ్మా. పొమ్మనలేదు. పొగ కూడా నేనే పెట్టుకున్నాను."

"చూశారా, ఎలా మాట్లాడుతున్నారో..."

"మాత్రలు మింగించావు చూడు, అదొక్కటి లేకుండా ఉంటే బాగుండేది," అంది పొగక్క. మరదలి ఏడుపు టక్కున ఆగిపోయింది.

మేనకోడలు గోడకు చేరబడి ఉంది. "నేనే అడిగాను అత్తా, నా గది చల్లగా లేదని. నాన్న ఇలా చేస్తాడని తెలీదు. తెలిశాక... నీకు చెబితే బాధపడతావని అమ్మ అంది."

"అందుకే ఫ్యాను ఇచ్చావా?"

ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. పొగక్క ఆ పిల్ల తల మీద చెయ్యి వెయ్యడానికి ఎత్తి, మళ్లీ దించేసుకుంది. ఒక ఏడాదంతా ఈ ముగ్గురూ ఆవిడ వెనక చెవులు కొరుక్కుని ఉంటారు. భోజనాల దగ్గర కళ్లతో మాట్లాడుకుని ఉంటారు. ఆవిడ గడప దాటగానే గొంతు పెంచి ఉంటారు. అంతకాలంలో ఒక్క మాట ఆవిడ దాకా కారలేదు.

"ఇల్లు గట్టిదేరా," అంది తమ్ముడితో. "ఎక్కడా కారట్లేదు. ఇంత గట్టి ఇల్లు నేనెక్కడా చూళ్లేదు."

పొగక్క ఒక అద్దెగది వెతుక్కుంది. అది మా వీధికి రెండు వీధుల అవతల, ఒక దర్జీ ఆవిడ ఇంటి పైభాగం. ఇల్లు మారే రోజు తమ్ముడే వచ్చి అట్టపెట్టెలు సర్దాడు. ఆవిడ వద్దన్నా వినలేదు. కర్టెన్లు మడిచాడు. అలమరలో పుస్తకాలు వరసగా పేర్చాడు. గాజుసామాను కాగితాల్లో చుట్టాడు. ఒక్కో పెట్టె మూసి, పళ్లతో టేపు తెంపి, అరచేత్తో రుద్ది అంటించాడు. గోళ్లు కొరికిన ఆ పొట్టి వేళ్లు ఎంత చురుగ్గా పనిచేస్తాయో మేము గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాం. బండి ఎక్కిస్తూ అన్నాడు:

"కోపం తగ్గేదాకా నాలుగు రోజులుండు అక్కా. ఆ మూత ఇవాళే విప్పేస్తా. గది అలాగే ఉంచుతా. నీ ఇష్టం వచ్చినప్పుడు వచ్చెయ్యి."

పొగక్క అతని మొహంలోకి చూసింది. పెంచిన మొహం. అతను మనస్ఫూర్తిగానే అంటున్నాడని ఆవిడకు అనిపించింది. "సరేరా, చూద్దాం," అంది. బండి కదిలాక కూడా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. 'చూద్దాం' అన్న మాటలో కాస్త ఆశ ఉందని మా అమ్మ అంది. నాకూ అలాగే అనిపించింది.

తమ్ముడికి ఆ వరస ఇళ్ల పని వచ్చింది. అక్కాతమ్ముళ్లు ఆ ఇళ్లలో మళ్లీ కలిసే పనిచేశారు. "అక్కా, ఇటు," "తమ్ముడూ, టార్చి," అంతవరకే. ఇది తర్వాతి మాట.

ఆ మొదటి సాయంత్రం మాత్రం అద్దెగది మధ్య పెట్టెల నడుమ పొగక్క ఒంటరిగా కూర్చుంది. గదిలో కిటికీ సందుల్లోంచి గాలి ఈల వేస్తోంది. తలుపు కింద వేలు పట్టేంత ఖాళీ. ఆవిడ వృత్తిరీత్యా చూస్తే అది గది కాదు, జల్లెడ. లేచి టీ పెట్టుకుందామని, గిన్నెలున్న పెట్టె దగ్గరకు లాక్కుని టేపు కొస కోసం చూసింది.

కొస కనబడలేదు. పెట్టెను తిప్పింది. రెండో వైపు చూసింది. టేపు పెట్టెతో ఒకటైపోయినట్టు నున్నగా రుద్ది ఉంది. దాన్ని పక్కకు నెట్టి ఇంకో పెట్టె లాగింది. కర్టెన్ల పెట్టె. పుస్తకాల పెట్టె. గాజుసామాను పెట్టె. ఒక్కొక్కదాని చుట్టూ గోటితో తడిమి చూసింది, అటక మీద తడిమినట్టే. దేనికీ చెవి లేదు.

దర్జీ ఆవిడ మంచినీళ్ల చెంబుతో పైకొచ్చి, పెట్టెల మధ్య నేల మీద కూర్చున్న మనిషిని చూసి ఆగింది.

"ఏంటండీ, రావట్లేదా? గట్టిగా అంటించేశారే. కత్తెర తెచ్చివ్వనా?"

పొగక్క కాసేపు ఆ టేపు వంకే చూసింది.

"తెండి," అంది.